చేతులు వెనక్కి పెట్టుకున్న ఊరు

జడ్చర్లకు కొద్ది దూరంలో ఉన్న ఊటగుండం అనే ఊరిలో, ఒక ఎండాకాలపు ఉదయం, ఒక పెద్దమనిషి ఒక ముసలమ్మ బిందెను కాలితో తన్నాడు. లోకంలో ఇంతకన్నా ఘోరాలు నిత్యం జరుగుతుంటాయి. వాటికి విచారణ సంఘాలుంటాయి, నివేదికలుంటాయి, సాయంకాలాల్లో కొవ్వొత్తులుంటాయి. బిందెకు అవేమీ ఉండవు. కనుక ఆ బిందె వృత్తాంతాన్ని కార్మికులకూ, విద్యార్థులకూ, నీళ్లు తాగే అలవాటున్న ఇతర సజ్జనులకూ విన్నవించుకోవలసి వచ్చింది.

ఊరి నడుమ, బడి ముందర ఒక స్పీడ్‌బ్రేకర్ ఉంది. నిండు ట్యాంకరు దాని మీద ఎక్కి దిగేటప్పుడు వెనక వాల్వు సందులోంచి నీళ్లు చిమ్ముతాయి. ఈ శాస్త్రసత్యాన్ని కనిపెట్టినది బాలనర్సమ్మ. ఊరబావిలో బొక్కెన వేస్తే బురద పైకి వస్తున్న కాలమది. ప్రభుత్వ నల్లా వచ్చిన రోజున తాగడానికి సరిపోయేది; గొడ్డుకూ గోదకూ, బట్టకూ పాత్రకూ ఆ బావే దిక్కు. అందుకని ఆమె స్పీడ్‌బ్రేకర్ పక్కన కూర్చుని, ట్యాంకరు రాగానే లేచి, బిందెను వాల్వు కింద పట్టి, దాని వెంట పరుగులాంటి నడక నడిచేది. సగం బిందె నిండేది. మిగతా సగం ఆమె చీర తాగేది.

ఆనాడు ట్యాంకరు వెనక బుల్లెట్ బండి మీద కృష్ణకాంత్ వస్తున్నాడు. ఆగాడు. దిగాడు. తన్నాడు.

"దొంగతనం జేస్తున్నవా ముసల్దానా? నీళ్లంటే ఉత్తగ వస్తున్నయనుకున్నవా?"

బిందె దొర్లుతూ పోయి బడి గేటుకు తగిలి ఆగింది. నీళ్లు మోరీ కాలువ దాకా కూడా చేరలేదు. ఆ నేల అంత దప్పిక మీద ఉంది. బాలనర్సమ్మ బిందె తెచ్చుకుని, సొట్ట పడ్డచోట వేలితో నిమిరి, తలెత్తి ట్యాంకరు అద్దంలోకి చూసింది.

ఆ అద్దంలో డ్రైవరు కళ్లున్నాయి. డ్రైవరు ఎల్లేశం. తల్లి పోయిన నాటినుంచి అతన్ని సాకి పెద్దచేసిన పెద్దమ్మే బాలనర్సమ్మ. అతడు కిందికి దిగాలనుకున్నాడు. చెయ్యి తలుపు పిడి దాకా వెళ్లింది కూడా. తర్వాత ఆ చెయ్యి, చేతులకు తరచుగా ఉండే లోకజ్ఞానంతో, గేరు మీదికి తిరిగి వచ్చింది. ట్యాంకరు కదిలింది.

కృష్ణకాంత్ సామాన్యుడు కాడు. పూర్వం భగీరథుడనే చక్రవర్తి ఆకాశంలోని గంగను భూమికి దించడానికి ఏళ్ల తరబడి తపస్సు చేశాడట. కృష్ణకాంత్ పాతాళంలోని గంగను భూమిపైకి ఎక్కించి, చక్రాల మీద కూర్చోబెట్టి, ఫ్యాక్టరీ గేట్లలోకి ఊరేగించాడు. తపస్సు మాట అటుంచి, చొక్కా చంకలో చెమట మచ్చ కూడా కనబడలేదు. రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డెక్కిన రోజుల్లో మైకు పట్టుకుని మన నీళ్లు మనకే కావాలని గొంతు చించుకున్నవాడాయన. రాష్ట్రం వచ్చింది. నీళ్లు ఆయనకు వచ్చాయి. ట్యాంకరు నొసట 'శ్రీ గంగాభవాని ప్రసన్న' అని రాయించాడు. వెనక, వాల్వుకు సరిగ్గా పైన, 'నీటిని పొదుపు చేయండి' అని రాయించాడు.

ఊరబావిని ఆనుకుని తన కంచె భూమిలో ఆయన లోతైన బోరు వేయించాడు. తాగునీటి బావి పక్కన అలా వేయకూడదని చట్టం ఉంది. చట్టం మండల కేంద్రం దాకా వచ్చి, అక్కడ టీ తాగి వెనుదిరిగింది. బోరు బావిని తాగేసింది.

ఆ సాయంత్రం బడి ఆవరణలో రైతుకూలి సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు జానయ్య, ఒకప్పుడు సెంటు భూమి లేక, పోరాడి బంజరు పట్టా సాధించుకున్న తరం మనిషి. ఆయన లేచి నిలబడితే సభకు తనంతట తానే నిశ్శబ్దం వచ్చేది.

"బిందె దన్నినోడు కృష్ణకాంత్. గండ్ల అనుమానం లేదు," అన్నాడు జానయ్య. "కానీ అద్దంల సూసుకుంట గూసున్నోడు ఎవడు? మనోడు. పరాయోడు కొడితే దెబ్బ తలుగుతది. మనోడు సూసుకుంట ఊకుంటే ఏం తలుగుతదో ఆ ముసల్దాన్ని అడుగుండ్రి."

"దన్నినోడు కృష్ణకాంత్ గదా, ఆయన ఇంటి ముందట గూసుందాం, లే తాతా," అంది మెర్సీ. జడ్చర్లలో ఒక దవాఖానలో నర్సు ఆమె, సంఘానికి కార్యదర్శి, డ్యూటీ బట్టల్లోనే వచ్చి కూర్చుంది.

"నువ్వు జర ఆగు బిడ్డా. పెద్దోళ్లు మాట్లాడుతాండ్రు."

"పెద్దోళ్లు మాట్లాడుతాండ్రనే ఫికరైతాంది. ఎల్లేశమన్నను పట్టుకుంటే ట్యాంకర్ ఆగుతదా? ఈయన గాకపోతే ఇంకో డ్రైవర్ వస్తడు."

"ఓ పిల్లా," అన్నాడు డానియల్. చర్చి పెద్ద, బత్తాయి రైతు, జాగ్రత్తపరుడు. "కృష్ణకాంత్‌తోని పెట్టుకుంటే పొద్దుగాల్ల పోలీసొస్తడు. ఎల్లేశంతోని పెట్టుకుంటే ఎవడొస్తడు?"

ఇంత నిర్మలమైన వర్గవిశ్లేషణ ఆ ఆవరణలో అంతకుముందెన్నడూ వినబడలేదు. సభ తేలిక పడింది. ఎల్లేశంతో ఊరిలో ఎవరూ మాట్లాడరాదని తీర్మానం జరిగింది. లేవని చెయ్యి ఒక్కటే, అది మెర్సీది. చాటింపు వేసేవాడు గల్లీ గల్లీ తిరిగి చెప్పాడు: ఎల్లేశంతోని మాట బందు. ఎల్లేశం గల్లీలోకి వచ్చినప్పుడు మాత్రం, చెప్పడం కూడా మాట్లాడటమే అవుతుందేమోనని, డప్పు ఒక్కటే కొట్టి వెళ్లిపోయాడు.

మాట బందైన మనిషికి మొదట అర్థమయ్యేది మాటలన్నీ ఒకటి కావని. రాజకీయాలు వినబడకపోతే ప్రాణం పోదు. సినిమా సంగతులు లేకున్నా గడుస్తుంది. కానీ ఆ ప్రాంతంలో ఎదురుపడ్డ ప్రతి మనిషీ ప్రతి మనిషినీ ఒక ప్రశ్న అడుగుతాడు: తిన్నవా? ఆ ప్రశ్నకు అన్నంతో పెద్ద సంబంధం లేదు. తిన్న అన్నా, తినలే అన్నా అడిగినవాడు ఆగకుండా సాగిపోతాడు. నువ్వున్నావని నాకు తెలుసు అని చెప్పడమే దాని పని. ఎల్లేశాన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. అతడు తింటూనే ఉన్నాడు. ఉన్నాడో లేడో మాత్రం తేలడం లేదు.

భార్య స్వరూప కొంతకాలం ఓర్చుకుంది.

"నల్లా కాడికి పోతే అందరు బిందెలెత్తుకొని పక్కకు జరుగుతరు. నేను గోడతోని మాట్లాడి, గోడతోని నవ్వాల్నా? కల్వకుర్తి పోతున్న మా అమ్మగారింటికి. బిడ్డను తీస్కపోతున్న. నువ్వు గూడ రా."

"ట్యాంకర్ ఎవరు నడుపుతరు?"

"గదేనా నీ పెండ్లాం?" అని, బస్సెక్కేముందు వెనక్కి తిరిగి, ఊరు మానేసిన ఆ ప్రశ్న తాను అడిగింది: "తిన్నవా?" అతడు జవాబిచ్చేలోగా బస్సు కదిలింది.

అప్పటినుంచి అతడు ట్యాంకరుతో మాట్లాడటం నేర్చుకున్నాడు. ట్యాంకరు వినేది. ఖాళీగా ఉన్నప్పుడు కాస్త ప్రతిధ్వనించేది కూడా.

ఇక్కడ చదువరులకు ఒక రాజరహస్యం విప్పవలసి ఉంది. కృష్ణకాంత్ బోరు ఊరబావిని మింగిన కొన్నాళ్లకే తానూ దగ్గడం మొదలుపెట్టింది. ఆ తర్వాత గాలి తప్ప మరేమీ కక్కలేదు. అయినా ట్యాంకరు రోజూ నిండే బయలుదేరేది. ఈ మాయ ఎలా జరుగుతోందో కృష్ణకాంత్ కాక ఊరిలో పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కడే. అతనితో ఎవరూ మాట్లాడరు.

తెల్లవారుతూనే ట్యాంకరు జానయ్య మామిడితోటలోకి మలుపు తిరిగేది. అవును, అధ్యక్షులవారి తోటే. మామిడి ఎండుతోంది, అప్పు పెరుగుతోంది, కృష్ణకాంత్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి చెవిలో అన్నాడు: "నీదొక్కదే కొంటున్న జానయ్యా. నా బోరుకు జర ఆసరా. ఎవ్వరికీ చెప్పకు." జానయ్య తన ఒక్క బోరుతో ఊరు మునిగిపోదని లెక్క వేసుకున్నాడు. కానీ తీర్మానం తీర్మానమే. ట్యాంకరు రాగానే ఆయన చూపుడువేలు ఎత్తేవాడు. అంటే మోటరు వేస్తున్నానని. నిండగానే అరచెయ్యి చూపేవాడు, అంటే చాలని. అంతసేపూ ఎల్లేశంతో ఒక్క అక్షరం పలికేవాడు కాదు. మాట మీద నిలబడే మనిషి.

మరో రోజు డానియల్ బత్తాయి తోట. ఆయన వేళ్లు కూడా ఎత్తేవాడు కాదు. ఈలతో ఒక కీర్తన అందుకునేవాడు, ట్యాంకరు నిండగానే చరణం నడుమ ఆపేసేవాడు. ఇంకో రోజు అమృతమ్మ కందిచేను. ఆ ఇల్లాలు పైపు తగిలించి, అతని వైపు వీపు తిప్పి కూర్చునేది. ఇంకా ఉన్నారు. అందరికీ కృష్ణకాంత్ చెప్పిన మాట ఒక్కటే: నీదొక్కదే. అందరూ సాయంత్రం బడి ఆవరణలో కూర్చుని, ఊరి నీళ్లు తోడుకుపోతున్న దుర్మార్గుణ్ణి తలుచుకుని పళ్లు కొరికేవారు.

ఎల్లేశం చూస్తూనే ఉన్నాడు. ప్రతి బోరు దగ్గరా పైపులోంచి వచ్చే ధార సన్నబడటం అతనికి తెలుస్తోంది. నిండటానికి పట్టే పొద్దు పెరుగుతోంది. ఊరి కింద ఉన్న నీళ్లన్నిటికీ వీడ్కోలు చెబుతున్నవాడు తానొక్కడే. చెబుదామా అనుకునేవాడు. చెప్పడమంటే ఊరిలోని పెద్ద ముఖాలన్నిటి మీదా ఒకేసారి ఉమ్మడం. ఇవాళ బందైన మాట ఏనాటికైనా తిరిగి మొదలవుతుందనే ఆశ ఒకటుంది. నోరు విప్పితే అదీ పోతుంది. ఊరబావి కావాలా, ఊరివాళ్ల పలకరింపు కావాలా? రెండూ కావాలనిపించేది. గేరు మార్చేవాడు.

ఆరుద్ర కార్తె పొడిగా వెళ్లిపోయింది. దుక్కులు దున్ని పెట్టుకున్న ఊరు ఆకాశం వైపు తలలెత్తి మెడలు పట్టేసుకుంది. వరదపాశం చెయ్యాలన్నారు, అంటే వాన కోసం వండే పాయసం.

ఊటగుండం పక్కన వరదగుట్ట ఉంది. దాని నడుము మీద వెడల్పాటి నున్నని బండ ఒకటి. వానలు రాని ఏడు ఇంటింటినుంచీ బియ్యం, బెల్లం, పాలు పోగుచేసి, గుట్టమీద పెద్ద గంజులో పాశం వండి, కడిగిన బండ మీద పోస్తారు. కులమని లేదు, మతమని లేదు. ముసలీ ముతకా అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి, నాలుకతో ఆ పాశం తినాలి. బండ శుభ్రమయ్యేదాకా చేతులు ముందుకు రాకూడదు. వానను చేతులు చాచి అడగరాదని, చేతులు కట్టుకుని అడగాలని పెద్దల మాట. పాశం వండే హక్కు బాలనర్సమ్మ వంశానిది. దానికి ముందు ఒక తంతు ఉంది. వండే మనిషి, "ఎవరి నీళ్లు?" అని అడగాలి. నీళ్లు తెచ్చిన మనిషి, "ఊరి నీళ్లు" అనాలి. ఆ మాట పడ్డాకే గంజులో నీళ్లు పడాలి.

కానీ ఊరబావిలో బురద. ఈ ధర్మసంకటాన్ని కృష్ణకాంత్ తీర్చాడు. గుట్ట కింద పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆయన రెండు చేతులూ జోడించి ఉన్నాడు, వెనకాల ఏదో పరాయి దేశపు జలపాతం దూకుతోంది. 'వరదపాశానికి జలదాత' అని రాసి ఉంది. ట్యాంకరు నిండుగా గుట్టెక్కి వచ్చి ఆగింది. స్టీరింగు ముందు ఎల్లేశం.

జనం చూపులు అతని మీదుగా గాజులోంచి వెలుతురులా వెళ్లిపోయాయి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వరుస కట్టారు. జానయ్య నాలుగు మాటలు చెప్పాడు. ఏదేమైనా ఇవాళ కృష్ణకాంత్ పటేలు పెద్దమనసు చేసుకున్నాడన్నాడు. కృష్ణకాంత్ ఫోను కెమెరా ఎవరి చేతిలో ఉందో చూసుకుని తల వంచాడు.

బాలనర్సమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచింది. పాత బిందె చంకన పెట్టుకుని ట్యాంకరు దాకా నడిచి వచ్చింది.

"ఎల్లేశం," అంది.

గుట్టమీద తలలన్నీ ఇటు తిరిగాయి. నెలల తర్వాత ఆ పేరు ఒక నోటినుంచి బయటికి వచ్చింది. ఎల్లేశానికి మొదట ఎవరిని పిలుస్తున్నారో అర్థం కాలేదు. దిగాడు.

"ఏమంటివి పెద్దమ్మా?"

"తంతు, బిడ్డా. తంతుకు తీర్మానం అడ్డం రాదు. చెప్పు. ఎవరి నీళ్లు?"

రెండే మాటలు. ఆ రెండు మాటలూ అంటే చాలు. పాశం ఉడుకుతుంది, అతడూ వంగి బండ మీద నాలుక ఆనించవచ్చు, పొద్దుగూకేసరికి ఎవరో ఒకరు తిన్నవా అని కూడా అడగవచ్చు. నాలుక మీద ఆ మాటలు సిద్ధంగా ఉన్నాయి. అతడు పెద్దమ్మ చంకలోని బిందెను చూశాడు. దాని సొట్ట ఇంకా పోలేదు.

"జానయ్య తాత బోరు నీళ్లు," అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"నిన్నటియి డానియల్ మామయి. మొన్నటియి అమృతమ్మ చిన్నమ్మయి. పటేలు బోరు ఎండి మస్తు దినాలైంది. రోజుకొక్కరియి. ఎవరి బోరుల ధార ఎంత సన్నగైందో గూడ చెప్త. అడుగుండ్రి."

"ఒరేయ్!" అన్నాడు జానయ్య. తీర్మానం భగ్నమైందన్న ధ్యాస కూడా ఆయనకు లేదు.

"నేనొక్కదాన్నే అనుకున్న గదా!" అంది అమృతమ్మ, ఎవరితోనో తెలియకుండా.

"నువ్వు గూడ అమ్మినవా?" అన్నాడు డానియల్.

"నువ్వు అమ్మలేదా? చర్చిల మోకాళ్ల మీద వాన అడుగుతవు, తోటల పైపు తగిలిస్తవు!"

"నాదొక్కదే అని చెప్పిండు నాకు!"

"నాకు గూడ గదే చెప్పిండు!"

"మనమందరం ఒక్కొక్కల్లమేనా?"

గుట్టమీద కలకలం రేగింది. ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేదాకా వచ్చింది. ఒకరినొకరు దొంగలని తిట్టుకుంటున్న ఆ మహాసభలో కృష్ణకాంత్ ఒక్కడే ప్రశాంతంగా ఉన్నాడు.

"ఏమైందిప్పుడు?" అన్నాడు. "ఎవని బోరు వానిది. ఎవని నీళ్లు వాడు అమ్ముకున్నడు. జబర్దస్తీ ఏమన్న చేసిన్నా?"

"ఎవని నీళ్లు?" మెర్సీ గొంతు అందరి మీదుగా లేచింది. "గెట్లు నేల మీదున్నయి పటేలా. నేల కింద గెట్లు పెట్టినోడెవడు? తాత బోరుల నుంచి తీస్తే మామ బోరు ఎండుతది. ఇద్దరి బోర్లూ గుంజితే బావి ఎండుతది. ఒక్కటే నీళ్లు. మనమందరం కలిసి మన బావిని మనమే అమ్ముకున్నం. అమ్మి, దాన్ని నడిపినోనికి మాట బందు వెట్టినం. సిగ్గుండాలె!"

ఎల్లేశం తల దించుకుని నిలబడ్డాడు. చెప్పవలసింది అయిపోయింది, ఇప్పుడిక తనకు ఊరు లేదనుకున్నాడు.

బాలనర్సమ్మ అతని ముందునుంచి కదిలి జానయ్య ముందు నిలబడింది.

"ఎవరి నీళ్లు?"

జానయ్య మొహం మాడిన గంజులా ఉంది. భుజం మీది తువ్వాలు తీశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నాయి గావు, బాలనర్సమ్మా," అన్నాడు. "ఊరి నీళ్లు."

ఆమె డానియల్ ముందుకు నడిచింది. తర్వాత అమృతమ్మ ముందుకు. ఒక్కొక్కరూ చేతులు వెనక్కి పెట్టుకుని ఆ మాట అన్నారు. ఒకరు గొణిగారు, ఒకరు ఏడ్చారు. చివరికి ఆమె కృష్ణకాంత్ ముందు నిలబడి అడిగింది. ఆయన చేతులు జేబుల్లో ఉన్నాయి. అక్కడే ఉన్నాయి.

గంజులో నీళ్లు పడ్డాయి. పాశం ఉడుకుతుండగా గుట్టమీదే సంఘం కూర్చుంది. ట్యాంకరుకు ఏ బోరూ వాల్వు విప్పరాదన్నారు. ఉన్న బోర్లన్నీ కలుపుకుని వంతుల మీద పారించుకోవాలన్నారు. యాసంగిలో వరి వద్దు, జొన్న, ఆముదం చాలన్నారు. బావి కోలుకునేదాకా దాని చుట్టుపక్కల మోటరు వేయరాదన్నారు. అమృతమ్మ తన కంది ఎండితే ఎవరు దిక్కని పోట్లాడింది. మొదటి వంతు ఆమెకే ఇచ్చారు.

"ట్యాంకర్ల ఇంకా నీళ్లున్నయి," అన్నాడు ఎల్లేశం. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియదు.

"బావికాడికి కొట్టు," అంది బాలనర్సమ్మ. "ఒక్క ట్యాంకర్‌తోని బావి నిండదు. తెల్సు నాకు. అయినా దాని నీళ్లు దానికి ఒక్కసారి సూపియ్యాలె."

"నా బండి ముట్టుకుంటే కేసు వెడ్త!" అని కృష్ణకాంత్ అరుస్తుండగా, 'నీటిని పొదుపు చేయండి' అన్న ఉపదేశం గుట్ట దిగిపోయింది. ఎల్లేశం వెనక వాల్వు ఊరబావి వైపు తిప్పి పూర్తిగా విప్పాడు. పడ్డ నీళ్లు లోపల చాలాసేపు మోగాయి. ఎండిన ఒరల మీద అంత పెద్ద చప్పుడు విని చాలా కాలమైంది.

పోలీసు జీపు వచ్చేసరికి పాశం బండ మీద ఆవిరి కక్కుతోంది. ఊరంతా చేతులు వెనక్కి కట్టుకుని వంగి ఉంది. బావి దగ్గరనుంచి తిరిగొచ్చిన ఎల్లేశం ఒక్కడే దూరంగా, తుమ్మచెట్టు కింద నిలబడ్డాడు. మాట బందు తీర్మానాన్ని రద్దు చేసే తీర్మానం ఎవరికీ గుర్తు రాలేదు. పిలవకుండా వెళ్లడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"ఎవడ్రా ఎల్లేశం?" అన్నాడు ఎస్సై. "ట్యాంకర్ ఎత్తుకపోయి నీళ్లు దొంగతనం చేసినోడు?"

ఎల్లేశం తాత ఒకప్పుడు ఇదే బావిలో నీళ్లు తోడుకున్నందుకు కట్టేసి కొట్టించుకున్నాడు. మనుమడు అదే బావిలో నీళ్లు పోసినందుకు పట్టుబడుతున్నాడు. దేశం ముందుకు పోవడం లేదని ఎవరనగలరు?

"నేనే సార్," అన్నాడు ఎల్లేశం.

వంగిన తలలన్నీ లేచాయి. మీసాలకూ గడ్డాలకూ పాశం అంటుకుని ఉంది. జానయ్య మోకాళ్ల మీదనుంచి లేచి జీపుకు అడ్డంగా వచ్చాడు.

"నీళ్లు మాయి. పోసింది మేము. కేసు మా అందరి మీద రాసుకో."

"చేతులు ముందట వెట్టి మాట్లాడు!"

"బండ సాఫైనదాక చేతులు ముందటికి రావు సార్," అంది బాలనర్సమ్మ. "మా తంతు గట్ల."

జానయ్య పోలీసుల వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. కట్టుకున్న చేతులు సరిగ్గా ఎస్సై ముందుకు వచ్చాయి. ఆయన పక్కన డానియల్ వీపు తిప్పాడు. అమృతమ్మ తిప్పింది. మెర్సీ తిప్పింది. బండ చుట్టూ ఊరు ఊరంతా వీపులైంది, కట్టేయడానికి సిద్ధంగా చేతులైంది. ఎస్సై దగ్గర ఉన్నది ఒక్క జత బేడీలు. ఫిర్యాదులో ఉన్నది ఒక్క పేరు. చట్టానికి పొదుపు తెలుసు. బేడీలు ఎల్లేశానికి, వెనక్కి విరిచి వేశారు.

అక్కడినుంచి బావి దగ్గర పంచనామా. దొంగ సొత్తు స్వాధీనం చేసుకోవాలి.

"ఏది సొత్తు?" అన్నాడు ఎస్సై.

కానిస్టేబుల్ బావిలోకి తొంగి చూసి చాలాసేపు ఆలోచించాడు. "ఇంకిపోయింది సార్."

నేరానికి భూమి ఇంత నిస్సిగ్గుగా సహకరించిన సందర్భాన్ని ఏ కాగితంలో ఎలా రాయాలో వాళ్లు తర్జనభర్జన పడుతుండగా, గుట్టమీది జనం అడ్డదారుల వెంట చేలల్లోకి చెదిరిపోయారు. ఎల్లేశం జీపులోంచి చూశాడు. వెళ్లిపోతున్నారు. మంచిదే, ఎవరి పని వాళ్లకుంటుంది అనుకున్నాడు. మెడ వంచి నేలను చూస్తూ కూర్చున్నాడు.

బాలనర్సమ్మ వచ్చింది. చేతిలో మోదుగాకు, ఆకులో పాశం.

"బేడీలు తియ్యాల్నా అవ్వా?" అన్నాడు కానిస్టేబుల్, కాస్త మెత్తబడి.

"వద్దు బిడ్డా. గట్లనే తినాలె."

ఆమె ఆకును అతని మొహం ముందు పట్టింది. ఎల్లేశం వంగాడు. చేతులు వెనకే ఉన్నాయి. బెల్లంలో కొంచెం పొగ వాసన, కొంచెం బండ మీది మట్టి. ఆకు శుభ్రమయ్యేదాకా తలెత్తలేదు.

జీపు ఊరు దాటి మామిడితోట పక్కకు వచ్చింది. గట్టు మీద జానయ్య నిలబడి ఉన్నాడు, చేతులు వెనకే. ఆ చేతుల్లో ఒక ఇనుప చక్రం ఉంది. బోరు పైపునుంచి పానా పెట్టి విప్పేసిన వాల్వు చక్రం. అది లేకపోతే ఏ ట్యాంకరూ ఒక్క చుక్క నింపుకోలేదు.

"ఎల్లేశం! తిన్నవా?" అని కేకేశాడు జానయ్య.

"తిన్న తాతా!"

బత్తాయి తోట గట్టు మీద డానియల్. చేతులు వెనక్కి, చేతుల్లో చక్రం. "తిన్నవా అల్లుడా?"

"తిన్న మామా!"

కందిచేను దగ్గర అమృతమ్మ. ఈసారి ఆమె మొహం ఇటే తిరిగి ఉంది. ఆపైన మరొకరు, ఆపైన ఇంకొకరు. తనతో సైగలతో మాట్లాడిన ప్రతి బోరు దగ్గరా ఒక మనిషి, ఒక చక్రం, అదే ప్రశ్న.

"అందరికీ ఒక్కటే జవాబాయె. ఒక్కసారి గట్టిగ చెప్పరాదు?" అన్నాడు కానిస్టేబుల్.

ఎల్లేశం వినలేదు. ఒక్కొక్కరికీ వేరుగా, వరుస పెట్టి పిలిచి మరీ చెప్పాడు.

తర్వాత చేలు అయిపోయాయి. పొలిమేర దాటింది. రోడ్డు ఖాళీ అయింది. జీపులో ఎవరూ మాట్లాడటం లేదు. ఎన్నాళ్లు లోపలుంచుతారో, కల్వకుర్తికి ఈ సంగతి ఎవరు చేరుస్తారో తెలియదు. పాత నిశ్శబ్దం మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది.

ఎదురుగా ఒక ట్యాంకరు వస్తోంది. కృష్ణకాంత్ కిరాయికి పిలిపించిన కొత్తది. నొసట ఇంకో దేవత. లోపల ముఖం తెలియని ఒక మనిషి, ఒంటరిగా, స్టీరింగు మీద వాలి ఊటగుండం వైపు పోతున్నాడు. అక్కడ అతని కోసం చక్రాల్లేని వాల్వులు ఎదురుచూస్తున్నాయని అతనికి తెలియదు. ఊరిలో రేపటినుంచి తనతో ఎవరూ మాట్లాడకపోవచ్చనీ తెలియదు.

రెండు బండ్లూ పక్కపక్కకు వచ్చాయి. బేడీలతో ఆనుకోవడానికి ఏమీ లేక తూలిపోతూనే ఎల్లేశం లేచి, జీపు పక్కనుంచి సగం బయటికి వంగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు:

"తమ్మీ! తిన్నవా?"

ట్యాంకరు బ్రేకులు కిర్రుమన్నాయి. రోడ్డు నడిమధ్యన అది ఆగిపోయింది.